అమ్మినదానిని మరల కొనుట



డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి స్మృత్యర్థము ఏర్పడిన ఈ వేదికపై నిలిచి షేర్ల క్రయవిక్రయములను గూర్చి మాటలాడుట కొందరికి అనుచితముగా తోచవచ్చును. కాంగ్రెసు చరిత్రను రచించినవాడుగా, 1948 నాటి జయపుర కాంగ్రెసు మహాసభకు అధ్యక్షుడుగా, మధ్యప్రదేశమునకు గవర్నరుగా ఆయనను లోక మెరుగును. కాని 1880 నవంబరు 24న మన భీమడోలు చెంతనున్న గుండుగొలనులో జన్మించి, మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, బందరులో వైద్యుడుగా స్థిరపడి, పిదప ఆ వృత్తిని దేశసేవకై విడిచిపెట్టిన ఆ మహనీయుడు, 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకును, 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని, 1929లో భారతలక్ష్మీ బ్యాంకును స్థాపించెనన్న సంగతి నేటి యువకులలో అనేకులు ఎరుగరు. 1923 నవంబరు 28న వ్యాపార మారంభించిననాడు ఆంధ్రా బ్యాంకునకు చెల్లింపబడిన మూలధనము లక్ష రూపాయలు మాత్రమే. ఆనకట్ట పుణ్యమున పంటలు పండించుకొని, మిగిలిన సొమ్మును పొలమునకో, బంగారమునకో, ప్రామిసరీ నోటు వడ్డీకో తప్ప అన్యమునకు వినియోగింప నెరుగని తెలుగు గృహస్థునకు, పదిమంది కలిసి పెట్టిన సంస్థలో వాటా యనునది కూడ ఆస్తియే యని నమ్మకము కలిగించుట ఆ రోజులలో సామాన్యమైన పని కాదు. ఆ పనిని ఆయన నెరవేర్చెను. షేరును గూర్చి తెలుగునాట ఏ మాట చెప్పవలసివచ్చినను ఆయనకు నమస్కరించి చెప్పుట ధర్మమని నా భావము.

నేటి నా విషయము మిక్కిలి సన్ననిది. ఒకే సంస్థ షేరును కొని, అమ్మి, మరల కొని, మరల అమ్ముచు ఏండ్ల తరబడి దానినే అంటిపెట్టుకొనియుండు మదుపరిని గూర్చి మాత్రమే విచారింపదలచితిని.

1

మన రాజమహేంద్రవరములోను, భీమవరములోను, కాకినాడలోను నే నెరిగిన మదుపరులలో పెక్కుమంది పది పండ్రెండు షేర్లకు మించి కన్నెత్తి చూడరు. వానిలోనైనను మూడు నాలుగింటినే తిప్పి తిప్పి కొనుచుందురు. "ఆ షేరు మనకి తెలిసిందేనండి, డెబ్బై దగ్గర కొంటాం, తొంభై దగ్గర ఇచ్చేస్తాం" అని వారు నిశ్చింతగా చెప్పుదురు. పెద్దలు ఈ మాట విని, ఇది సంక్రాంతి బరిలోని పందెమునకు మారురూపమే గదా యని పెదవి విరుతురు. పెద్దల ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. షేర్ల మార్కెట్టును నియంత్రించు సెబీ 2024 జూలైలో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 2022–23లో కొన్ననాడే అమ్మివేయు ఇంట్రాడే పద్ధతిలో పాల్గొన్న వ్యక్తులలో 71 శాతము మంది నష్టపోయిరి. ఏడాదికి 500 పర్యాయములకు మించి బేరమాడినవారిలో ఆ నిష్పత్తి 80 శాతము. కాని నేను చెప్పు మదుపరి వేరు. ఆతడు నెలలపాటు ఉంచుకొనును, సంస్థ వార్తలు చదువును, అప్పు చేసి కొనడు. ఆతనిని పందెగాడనుట అన్యాయము.

అంబాజీపేటలో కొబ్బరి వర్తకుడు ఆజన్మాంతము కొబ్బరికాయనే కొనుచు, కొబ్బరికాయనే అమ్ముచుండును. ఆతనిని చపలచిత్తుడని ఎవ్వరును అనరు. అట్లయిన ఒకే షేరును కొని అమ్మువానిని ఏల అనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకగా నాకు రెండు భేదములు కనబడినవి. వర్తకుడు కాయను వలిపించును, ఏరించును, అటకపై ఆరనిచ్చి కురిడీ చేయించును, లారీకెత్తించి దూరదేశములకు పంపును. ఆతని లాభములో ఆ శ్రమకు కూలి చేరియున్నది. షేరు మనవద్ద నున్నంతకాలము మనము దానికి చేయగలిగిన సంస్కార మేదియు లేదు; పాటుపడునది సంస్థ మాత్రమే. రెండవ భేదము ఇంతకన్న ముఖ్యమైనది. వర్తకుడు ప్రతి ఉదయమున నేటి దిగుబడి యెంత, నేటి గిరాకీ యెంత యని విచారించునే గాని, పోయిన మాసము తా నెంతకు అమ్మితినని తలచుకొని నేటి ధరను నిర్ణయించుకొనడు. నిరుటి కాయ వేరు, నేటి కాయ వేరని ఆతనికి తెలియును. షేరునకు పేరు మారదు, గుర్తు మారదు. అందుచేత వస్తువుకూడ మారలేదని మనకు తోచును. తిరిగి కొనువాడు మొదటిసారి కొన్న సంస్థనే కొనుచున్నాననుకొనును. ఆ రెండు కొనుగోళ్ల నడుమ ఆ సంస్థకు అప్పు పెరిగియుండవచ్చును, యజమాని మారియుండవచ్చును, దాని సరకునకు గిరాకీయే తొలగిపోయియుండవచ్చును. నాలుగైదు పర్యాయములు కొని అమ్మినవానికి బాగుగా పరిచయమైనది ధర యొక్క నడక. దానినే సంస్థను గూర్చిన జ్ఞానముగా భావించుట వలన ఆతనికి ప్రమాదము కలుగుచున్నది. తెలియని షేరును కొనువేళ మనుష్యుడు భయముచేతనైనను నాలుగు ప్రశ్నలు వేయును. తెలిసిన షేరు విషయమున ఆ ప్రశ్నలు ఆగిపోవును.

ఈ మాటను మన ప్రాంతపు సంస్థల చరిత్రతో పరిశీలింతము.

2

మొదట మన కాగితపు మిల్లు. 1924లో కర్ణాటిక్ పేపర్ మిల్సుగా పుట్టి, 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ అను కంపెనీగా ఏర్పడి, నేడు ఆంధ్రా పేపర్ అను పేరుతో రాజమహేంద్రవరములోను కడియములోను నడచుచున్న ఈ సంస్థ షేరు మన ఊరివారికి అత్యంత పరిచితము. ఈ సభలోనే దానిని అనేక పర్యాయములు కొని అమ్మినవారు కూర్చొనియుందురనుటకు నాకు సందేహము లేదు. దానికి కారణము అభిమాన మొక్కటే కాదు. కాగితపు వ్యాపారము స్వభావముచేతనే ఎత్తుపల్లములు గలది. విదేశపు గుజ్జు ధర పెరిగిననాడు దిగుమతి కాగితము ప్రియమై మన మిల్లునకు లాభము హెచ్చును. దిగుమతులు చౌకయైననాడు లాభము కుంచించుకొనిపోవును. కోవిడు కాలమున బడులు మూతపడి నోటు పుస్తకముల గిరాకీ పడిపోయెను. 2022–23లో కాగితము ధర లెగసి మిల్లులన్నియు విశేషముగా లాభించెను. ఆ వెనుక ఒకవైపు కాగితము ధర తగ్గి, మరొకవైపు కర్ర ధర పెరిగి, ఆ లాభములు కరగిపోయెను. ఇట్టి సంస్థ షేరు ఎత్తుపల్లముల వెంట ఎక్కి దిగుట సహజము. ఆ ఎక్కుదిగుళ్లను గమనించి కొని అమ్ముట నిందింపదగినది కాదు.

నిజమునకు ఈ విషయమున మన రైతునకు బొంబాయి దలాలునకు లేని సౌలభ్య మొకటి కలదు. మిల్లునకు కావలసిన సరుగుడు, సుబాబుల్, జామాయిలు కర్రను పెంచునది ఇక్కడి రైతే. కర్ర టన్ను ధర ఏ నెలలో ఏ దిక్కునకు నడచుచున్నదో ఆతనికి పత్రికలలో చదువనక్కరలేకయే తెలియును. అయినను జరుగునది గమనింపుడు. తోట నరికించి మంచి ధర చేతికి వచ్చినప్పుడే ఆతనివద్ద సొమ్ముండును. ఆ సొమ్ముతోనే మిల్లు షేరు కొనబోవును. తాను పొందిన మంచి ధర మిల్లునకు పెరిగిన ఖర్చు. తన తోటకు శుభమైన కాలమే మిల్లు లాభమునకు క్లిష్టకాలమని తెలిసికొనుటకు కావలసిన సమాచారమంతయు ఆతని చేతిలోనే యున్నది. కాని ఆతడు ఆ లెక్కకు పోక, "కిందటిసారి ఇంతలోనే కొన్నాం, ఇంతలోనే కొందాం" అనును. అనుభవమునకు విలువనిచ్చుచున్నాననుకొనుచు, తన అనుభవములో మిక్కిలి విలువైన భాగమును ఉపయోగించుకొనక విడిచిపెట్టుచున్నాడు.

ధర జ్ఞాపకము ఎంత బలహీనమైన ఆధారమో తెలియుటకు ఈ మిల్లు చరిత్రలోని మరొక ఘట్టము చాలును. ప్రపంచ కాగితపు సంస్థలలో అగ్రశ్రేణికి చెందిన అమెరికా దేశపు ఇంటర్నేషనల్ పేపర్, 2011లో షేరునకు 500 రూపాయలకు పైగా చెల్లించి ఈ మిల్లుపై అధికారమును కొనెను. 2019లో తన వాటాలో అధికభాగమును వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్సువారికి షేరు 275 రూపాయల చొప్పున అమ్మెను. అంతటి నిపుణులు ఇచ్చిన 500 రూపాయలను "అసలు విలువ"గా మనసున నిలుపుకొని, 300కు దిగినపుడు చౌక యని, 250కు దిగినపుడు మరింత చౌక యని కొనుచు పోయినవారు మనలో లేకపోలేదు. 2024లో 10 రూపాయల ముఖవిలువ గల షేరు 2 రూపాయల షేర్లు ఐదుగా విభజింపబడెను. మనసులో గీసికొన్న పాత గీతలన్నియు ఒక్కనాటిలో అర్థము కోల్పోయెను. సంస్థలో మాత్రము ఆనాడు ఒక్క కర్రముక్కయు కదలలేదు.

3

ఇక పట్టాభిగారు స్థాపించిన బ్యాంకు. 1980లో జాతీయమైన ఆంధ్రా బ్యాంకు 2001లో తన షేర్లను 10 రూపాయల చొప్పున ప్రజలకు అమ్మెను. 2006లో మరల 90 రూపాయల చొప్పున అమ్మెను. మొదటిసారి కొన్న తెలుగువారిలో ఎందరో అదే మొట్టమొదట డీమ్యాట్ ఖాతా తెరచినవారు. బ్యాంకు పేరే వారికి పూచీ. ఆ తరువాత పది సంవత్సరములపాటు ఈ షేరు, తిరిగి తిరిగి కొనువారికి దాదాపు పాఠశాలవలె నుండెను. 2008 సంక్షోభములో క్రుంగెను. 2010లో నూరు రూపాయలను సులభముగా దాటెను. 2013లో మరల క్రుంగెను. 2014 ఎన్నికల వేళ మరల లేచెను. క్రుంగినపుడు కొని లేచినపుడు అమ్మినవాడు రెండు పర్యాయములు లాభపడెను. రెండుసార్లు నిజమైనదానిని మూడవసారి ఎవడు సందేహించును?

ఇచ్చట అమెరికా పండితులు ఓడీన్, బార్బర్ ప్రభృతులు 2011లో ప్రకటించిన పరిశోధన నొకదానిని స్మరింపవలెను. వేలకొలది మదుపరుల ఖాతాలను పరిశీలించి వారు చెప్పిన దేమనగా, మనుష్యులు పూర్వము లాభమునకు అమ్మిన షేరును మరల కొనుటకు ఉత్సాహపడుదురు, నష్టమునకు అమ్మినదానిని మరల ముట్టరు. అట్లే తా మమ్మిన పిదప ధర తగ్గినదానిని కొనుటకు ఇష్టపడుదురు, పెరిగినదాని దిక్కు చూడరు. ఈ అలవాట్ల వలన వారికి ప్రత్యేకమైన లాభ మేదియు కలిగినట్లు కనబడలేదు. షేరును మరల కొనవలెనా వలదా యని వారు నిర్ణయించుకొనునది సంస్థను బట్టి కాదు, దానివలన పూర్వము తమకు కలిగిన సంతోషమును బట్టియో బాధను బట్టియో. మన ఇండ్లలోను ఇదే కనబడుచున్నది. లాభమిచ్చిన షేరు "అచ్చివచ్చిన" షేరగును. అచ్చివచ్చినదానిని పరీక్షించుట కృతఘ్నతవలె తోచును.

ఆంధ్రా బ్యాంకు విషయమున పరీక్ష అత్యవసరమైన కాలము 2015 తరువాత వచ్చెను. రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకుల ఆస్తుల నాణ్యతను తనిఖీ చేయింపగా, మౌలిక వసతుల సంస్థలకును విద్యుత్ సంస్థలకును ఇచ్చిన పెద్ద అప్పులు మొండిబకాయిలుగా బయటపడసాగెను. 2017–18లో ఈ బ్యాంకునకు వచ్చిన నష్టము 3,400 కోట్లకు పైబడెను. షేరు పూర్వపు పల్లములకు దిగెను, వానిని దాటి ఇంకను దిగెను. పాత లెక్క చొప్పున కొనినవాడు కొన్నది పాత బ్యాంకును కాదు. కాని ఆతని కన్నులకు కనబడినది పాత ధరయే. తుదకు ముఖవిలువ చుట్టుప్రక్కలకు చేరిన షేరు, 2020 ఏప్రిల్ 1న బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమగుటతో, వెయ్యింటికి 325 చొప్పున యూనియన్ బ్యాంకు షేర్లుగా మారెను. 2006లో 90,000 రూపాయలిచ్చి వెయ్యి షేర్లు కొని కదలక కూర్చున్నవాని 325 షేర్లు, 2024లో యూనియన్ బ్యాంకు షేరు 150 రూపాయలున్న మంచికాలమున సైతము సుమారు 49,000 రూపాయలు మాత్రమే చేసెను. నడుమ వచ్చిన డివిడెండ్లను కలుపుకొనవలసినదే.

ఈ సంగతి చెప్పుట పట్టాభిగారి కీర్తికి లోపమని భావింపకుడు. స్థాపకుని మీది గౌరవము వేరు, నేటి జమాఖర్చుల పట్టీ వేరని గుర్తించుట కూడ ఆయన నేర్పిన వ్యవహారజ్ఞానములో భాగమే.

4

దీనికి పూర్తిగా విరుద్ధమైన కథ గోదావరి కవతలి ఒడ్డున కలదు. కొవ్వూరు వద్ద రొయ్యల మేత తయారుచేయు అవంతి ఫీడ్స్ షేరు చిరకాలము ఎవ్వరు పట్టించుకొనని చిన్న షేరు. రొయ్యకు తెగులు వచ్చిన ఏడాది దిగుచు, మంచి ఏడాది కొంచెము లేచుచు నుండెడిది. 2009లో వనామీ అను జాతి రొయ్య పెంపకమునకు అనుమతి వచ్చెను. భీమవరము, ఆకివీడు, నరసాపురము ప్రాంతముల చెరువులు వనామీకి మారెను, మేత వాడుక పెరిగెను. 2010 నుండి 2017 వరకు ఆ షేరు విలువ వందల రెట్లు పెరిగెను. అంతకు పూర్వము దానితో చక్కగా కొని అమ్ము ఆటకు అలవాటుపడినవాడు, ఇరువది శాతము లాభమునకు అమ్మి, పాత పల్లమునకు దిగివచ్చునని కనిపెట్టుకొని యుండెను. అది రాలేదు. తా నమ్మిన ధరకన్న ఎక్కువయిచ్చి కొనుట అవమానమని తోచి ఆతడు ఒడ్డుననే నిలిచిపోయెను. ఆతని చెరువులోనే వనామీ పిల్ల పడియుండవచ్చును, ఆతని గట్టుమీదనే మేత బస్తాలు రెట్టింపై యుండవచ్చును.

ఆంధ్రా బ్యాంకులో పోయినది సొమ్ము. ఇచ్చట పోయినది రావలసిన సొమ్ము. రెంటికిని మూలము తా మమ్మిన ధరను కొలబద్దగా పెట్టుకొనుటయే.

5

సభాసదులు ఓపికతో వినుచున్నారు గనుక కొంచెము లెక్క చెప్పెదను. పన్నుల విషయము విసుగైనదే గాని, ఒకే షేరును తిప్పువాని లాభములో గణనీయమైన భాగము అక్కడనే కరగును.

60 రూపాయలకు కొన్న షేరును ఏడాదిలోపల 100కు అమ్మితిరనుకొనుడు. లాభము 40. 2024 జూలై 23 నుండి స్వల్పకాలిక లాభముపై పన్ను 20 శాతము గనుక 8 రూపాయలు ప్రభుత్వమునకు పోవును. చేతిలో మిగులునది 92. అనగా మీరు అమ్మినన్ని షేర్లను మరల కొనవలెనన్నచో ధర 100 నుండి 92కు దిగవలెను. అంతకు పై ధరకు కొన్నచో షేర్ల సంఖ్య తగ్గును. అమ్మిన ధరకన్న ఒక రూపాయి తక్కువకు తిరిగి వచ్చినది కదా యని సంతోషించువాడు నిజమునకు తన వాటాను కొంత పోగొట్టుకొనుచున్నాడు. కొనుగోలుపైనను అమ్మకముపైనను పడు నూటికి పదిపైసల లావాదేవీ పన్నును, కొనుగోలుపై స్టాంపు రుసుమును, బ్రోకరు రుసుములను నేను లెక్కింపనేలేదు.

లక్ష రూపాయలు ఏటేటా 15 శాతము పెరుగునని ఉదాహరణకు తీసికొందము. పది సంవత్సరములు కదల్పక ఉంచి ఒకేసారి అమ్మినవానికి, 1,25,000 రూపాయల మినహాయింపు పోను మిగిలిన లాభముపై 12.5 శాతము పన్ను కట్టినను, సుమారు 3,82,000 చేతికి వచ్చును. ఏటా ఏడాది నిండకముందే అమ్మి, పన్ను కట్టి, అదే ధరకు మరల కొనుచు వచ్చినవానికి మిగులునది సుమారు 3,11,000. సంస్థ ఒకటే, దాని వృద్ధి ఒకటే. డెబ్బదివేలకు పైబడిన వ్యత్యాసము కేవలము తిప్పుటకు మూల్యము.

ఇంకొక చిక్కు మన మదుపరులలో అనేకులకు తెలియదు. 2015లో కొన్న నూరు షేర్లను అట్లే భద్రముగా నుంచుకొని, ధర దిగినపుడు మరి నూరు కొని, లేచినపుడు ఆ నూరు మాత్రమే అమ్ముచున్నానని ఒక రనుకొందురు. డీమ్యాట్ ఖాతా లెక్కలో ముందు కొన్నది ముందు అమ్ముడుపోయినట్లు పరిగణింపబడును. అందుచేత అమ్ముడుపోయినవి 2015 నాటి షేర్లు. మిగిలినవి నిన్న మొన్న కొన్నవి. దీర్ఘకాలపు నిధి యని ఆయన దాచుకొన్నది కాగితముపై ఏనాడో చెల్లిపోయినది.

6

అట్లయిన అమ్మినదానిని మరల కొనుట ఎన్నడును తగదా యన్నచో, తగు సందర్భములు కలవు. మార్చి నెలలో నష్టములోనున్న షేరును అమ్మి, ఆ నష్టమును ఇతర లాభములతో సరిపుచ్చి పన్ను తగ్గించుకొని, మరునాడో ఆ మరునాడో తిరిగి కొనుట ఒకటి. అమెరికాలో 30 దినములలోపల తిరిగి కొన్నచో ఆ నష్టమును లెక్కకు రానీయరు. మన చట్టములో అట్టి ప్రత్యేక నిబంధన లేదు. అయితే అదే దినమున అమ్మి అదే దినమున కొన్నచో ఆ బేరము స్పెక్యులేషన్ క్రింద పోవును గనుక, ఒక రాత్రియైనను గడువవలెను. రెండవది, ఒక్క షేరే పెరిగి పెరిగి ఇంటి ఆస్తిలో సగమైపోయినపుడు కొంత తగ్గించుకొనుట. మూడవది కాగితము, చక్కెర, రొయ్యవంటి ఎత్తుపల్లముల వ్యాపారములలో, పల్లమున కొని ఎత్తున అమ్ముట. ఈ మూడవదియే కష్టము. ఇచ్చట ఎత్తుపల్లములను షేరు ధరలో గాక సరకు ధరలో చూడవలెను.

ఈ పద్ధతి ననుసరించు ఒక రైతుమిత్రుని నేనెరుగుదును. ఆయన అమ్మిననాడే చిన్న పుస్తకములో కారణము వ్రాసికొనును: కర్ర టన్ను ధర ఇంతకు పెరిగినది, మిల్లునకు గిట్టదు, అని. షేరు ధరను ఆ పుటలో వ్రాయడు. మరల కొనదలచిననాడు ఆ పుట తెరచి, ఆ కారణము తొలగినదా లేదా యని మాత్రమే చూచును. తొలగినచో తా నమ్మినదానికన్న పది రూపాయలు హెచ్చయినను కొనును. తొలగనిచో సగము ధరకు వచ్చినను కొనడు. ఆ పుస్తకములో ఒక పుట 2023 నాటిది, కర్ర ధరను గూర్చినది. కారణము తొలగలేదని అది చిరకాలము మూయబడియే యుండెను. నడుమ షేరు దిగిన ప్రతి పర్యాయమును ఇంటివారు ఆయనను తొందరపెట్టిరి.

మీలో సరుగుడు తోటలున్నవారు కలరు, రొయ్యల చెరువులున్నవారు కలరు. మిల్లు గేటు వద్ద కర్ర ధర, చెరువు గట్టున 100 కౌంటు (కిలోకు నూరు తూగు) రొయ్య ధర, మేత బస్తా ధర, 2025 ఆగష్టులో అమెరికా మన సరకుపై సుంకమును 50 శాతమునకు పెంచిన పిదప కొనుగోలుదారులు వచ్చిన తీరు, ఇవన్నియు మీకు ప్రత్యక్షముగా తెలిసిన సంగతులు. వానిని షేరు నిర్ణయములో ఎట్లు ఉపయోగించుకొనవలెనో ఎవరైన అడుగదలచినచో, అధ్యక్షులవారి అనుమతితో సమాధానము చెప్పుటకు సిద్ధముగా నున్నాను.